ఏడు బారల పెరడు

ప్లాన్ వచ్చిందన్న కబురు ఫోన్లోకి దిగేసరికి ఆశ రెండు చేతులూ వంజరం చేప ముక్కల ఉప్పూకారంలో ఉన్నాయి. చేతులు కడుక్కుని వచ్చేంత ఓపిక ఆమెకు లేకపోయింది. పొయ్యి గట్టు మీదున్న ఫోను మీదికి వంగి, ముక్కు కొసతో నొక్కింది. ఒకటి రెండుసార్లు మొరాయించి తెరుచుకుంది. తెల్లటి కాగితం మీద సన్నటి నల్ల గీతలు. పడకగది. హాలు. వంటగది. వంటగదికి తూర్పున ఒక కిటికీ.

"అత్తయ్యా! ప్లాన్ వచ్చేసింది!"

వీధి అరుగు మీంచి మహాలక్ష్మమ్మ కేక వేసింది. "ఏటొచ్చినాదే?"

"ప్లానండీ! మన పెరట్లో ఇంటి ప్లాను!"

"ఇల్లే వచ్చీసినట్టు అరుత్తన్నావు. కాయితమే కదేటి," అంటూనే ఆవిడ లోపలికి వచ్చింది. కళ్ళు చికిలించి ఫోన్లోకి చూసింది. "ఇందల ఇల్లేదీ?"

"ఈ గీతలే అత్తయ్యా."

"ఈ గీతలకా ముప్పైనాలుగేలు? నాను రోజూ గుమ్మంలో ఇంతకన్నా పెద్ద ముగ్గు ఊరికినే ఏత్తన్నాను."

ఆశ ఎంత నవ్విందంటే మోచేతికి అంటిన కారం చెంపకు తగిలి మండింది. ఆ మంట కూడా ఆమెకు ఆ పూట బాగానే అనిపించింది.

పెళ్ళై నలభై మూడు రోజులు. ఆశ నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో చేరినవాడు. ఆమె క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది, డిగ్రీ చదివింది, మధురవాడలో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తోంది. ఉమామహేష్ జాలరిపేట కుర్రవాడు. డిప్లొమా చేసి ఆటోనగర్‌లో ఇనుప ముక్కలు చెక్కే ఒక లేత్ షాపులో పనికి కుదిరాడు. రెండేళ్ళు ఒకే సిటీ బస్సులో ప్రయాణం చేసి, మూడో ఏడు ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. ఇరువైపులా పెద్దవాళ్ళు కొంచెం గొణిగి ఒప్పుకున్నారు.

జాలరిపేట ఇంట్లో వాళ్ళిద్దరికీ ఇచ్చింది నడిమి గది. ఆ గదికి ముందొక గుమ్మం, వెనకొక గుమ్మం, రెంటికీ కలిపి ఒకే ఒక కర్టెను. పెరట్లోకి వెళ్ళాలంటే ఎవరైనా అందులోంచే వెళ్ళాలి. మామగారు ఎల్లారావు ప్రతిసారీ గుమ్మం అవతల నిలబడి గట్టిగా దగ్గేవాడు. మహాలక్ష్మమ్మ దగ్గేది కాదు, కళ్ళు మూసుకుని నడిచేది, అలా నడిచి ఒకసారి బిందెను తన్నుకుంది. ఆశకు మేడలేమీ అక్కర్లేదు. గడియ పడే తలుపు ఒక్కటి కావాలి. పెరట్లో రెండు గదుల ఇల్లు వేసుకుంటే ఆ తలుపు దొరుకుతుంది, ఉమామహేష్‌కు ఊరూ ఇంటి వంటా దూరం కావు. అది కుదరకపోతే మధురవాడలో అద్దె ఇల్లే గతి. ఆ మాట అనుకున్నప్పుడల్లా ఉమామహేష్ ముఖం ఎలా పాలిపోయేదో ఆమె చూసింది.

ప్లాన్ గీసింది కీర్తన. ఆశ కాలేజీ స్నేహితురాలి అక్క, మధురవాడలో సొంత ఆఫీసు పెట్టుకున్న ఆర్కిటెక్టు. మూడు వారాల కిందట ఆవిడ పంపిన కొటేషన్లో నాలుగు వరసలున్నాయి. స్థలం కొలతకు నాలుగు వేలు, ప్లాన్ గీయడానికి పదహారు, పునాది నుంచి స్లాబు దాకా ఎక్కడ ఎంత ఇనుము పడాలో చెప్పే డ్రాయింగుకు పన్నెండు, అనుమతి కోసం దరఖాస్తు పనికి ఆరు. మొత్తం ముప్పై ఎనిమిది వేలు. ఉమామహేష్ అంకె చూసి ఈల వేశాడు. "ఇటుక కొనకముందే ఇంతా?"

అప్పుడు ఆశ గొప్ప తెలివి చూపించాననుకుంది. మొదటి వరస కొట్టేసింది. పెరడు కొలవడానికి మధురవాడ నుంచి మనిషి రావాలా? వెడల్పు ఇరవై అడుగులని పాత ఇల్లు కట్టిన మేస్త్రి కాగితం మీద ఉండనే ఉంది. ఇక కావాల్సింది పొడుగొక్కటే. ఆమె ఉమామహేష్ పనిముట్ల పెట్టెలోంచి స్టీలు టేపు తీయబోతుంటే ఎల్లారావు నవ్వాడు.

"నా సేతులుండగా టేపెందుకమ్మా?"

రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస వేలు నుంచి ఆ కొస వేలు దాకా ఒక బార. సముద్రం మీద చేపల వేటకు వెళ్ళేవాళ్ళకు నీళ్ళ లోతైనా, వల పొడుగైనా అదే కొలత. మనిషిని బట్టి బార మారుతుంది గాని, ఎల్లారావుది సరిగ్గా ఆరడుగులని జాలరిపేట అంతా చెప్పుకుంటుంది. ఆయన గోడ వారగా ఒక తాడు పరిచి, దాన్ని బారలు బారలుగా చేతుల మధ్య లాగుతూ ఉంటే, ఆశ ఎదురుగా నిలబడి లెక్కపెట్టింది. ఫోన్లో వీడియో కూడా తీసింది. ఒకటి, రెండు, మూడు... ఏడు. ఏడారులు నలభై రెండు. వీడియోతో సహా కీర్తనకు పంపింది. "నేను కొలవందే గీయను ఆశా, అలవాటు లేదు," అంది కీర్తన. ఆశ బతిమాలింది. "సరే, కొలత పూచీ మీదే," అని ఆవిడ ఒప్పుకుంది. నాలుగు వేలు మిగిలాయని ఆశ ఆ సాయంత్రం ఇంటిల్లిపాదికీ బాదంపాలు కొనిపెట్టింది.

ఆ పెరటి కొలతతోనే ఇప్పుడు ప్లాన్ చేతికి వచ్చింది.

ఆదివారం. ఉమామహేష్ ఇంట్లోనే ఉన్నాడు. వంజరం వేపుడు పొయ్యి మీంచి దింపిందో లేదో, ఆశ ముగ్గు డబ్బా పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. పునాది తీసే ముందు మేస్త్రీలు ఎలాగూ నేల మీద ముగ్గు పోస్తారు. మేస్త్రీల కన్నా ముందే తన ఇంటిని తను ఒకసారి చూసుకోవాలని ఆమెకు ఉబలాటం. ఉమామహేష్ టేపు పట్టాడు. పాత ఇంటి గోడ నుంచి నాలుగడుగులు ఖాళీ. అక్కణ్ణుంచి పన్నెండు అడుగులు పడకగది. పదమూడు హాలు. తొమ్మిది వంటగది. వెనక గాలీ వెలుతురూ రావడానికి మళ్ళీ నాలుగడుగులు ఖాళీ.

పడకగది నాలుగు గీతలూ పడగానే ఆశ అందులోకి వెళ్ళి నిలబడింది. ఉమామహేష్ కూడా అడుగు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"తలుపు కొట్టి రా."

"తలుపేదే బాబూ?"

"ఇదే. గడియ వేసుకున్నాను. కనపట్లేదా?"

అతను అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గాలిలో మూడుసార్లు వేలితో కొట్టాడు. ఆశ లోపలి నుంచి గడియ తీసింది. నలభై మూడు రోజుల్లో మొదటిసారి అతన్ని గట్టిగా, పేరుపెట్టి పిలిచింది. "మహేష్, చెప్పులు బయట విప్పు." అతను నిజంగానే విప్పాడు. హాల్లో ఎక్కడ టీవీ, ఎక్కడ రెండు కుర్చీలు అని కాసేపు వాదించుకున్నారు. ఆమె నేల మీద రెండు చిన్న గుండ్రాలు గీసి అవి టీ కప్పులంది.

వంటగది దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగింది. ఏడడుగులు గీసేసరికి పాపాయమ్మ గోడ తగిలింది. ఇంకా రెండడుగుల వంటగది మిగిలే ఉంది. పొయ్యి గట్టు రావాల్సింది ఆ రెండడుగుల్లోనే. దాని వెనక నాలుగడుగుల ఖాళీ సంగతి సరే సరి.

"నువ్వు టేపు వంకరగా పట్టావు," అంది ఆశ.

మళ్ళీ కొలిచారు. మూడోసారి ఉమామహేష్ ఒక్కడే కొలిచాడు. లేత్ మీద వెంట్రుక మందం తేడా వచ్చినా ముక్కను తిప్పికొట్టే కార్ఖానాలో పని అతనిది. పాత ఇంటి గోడ నుంచి పాపాయమ్మ గోడ దాకా ముప్పై ఆరడుగులు. అంగుళం ఎక్కువా లేదు, తక్కువా లేదు. కాగితం మీద నలభై రెండు.

గోడ మీంచి పాపాయమ్మ తల పైకి లేచింది. చేపలమ్మే మనిషి, ముప్పై ఏళ్ళ పొరుగు. "ఏటే కొత్తకోడలా, ముగ్గు డబ్బా అట్టుకుని నా గోడకేసి సూత్తన్నావు?"

"వంటగది మీ వైపు పడిందండీ," అంది ఆశ, ఏం చెప్పాలో తోచక.

"నా కోళ్ళగూట్లోనా? రాయే తల్లీ, వొచ్చి వొండు. కోడి పక్కనే ఉంటాది, బజారుకెల్లక్కర్నేదు."

ఆశకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. నడిమి గదిలోకి వెళ్ళి కీర్తనకు ఫోన్ చేసింది. కీర్తన అంతా వింది.

"ఆశా, కొటేషన్లో మొదటి వరస నువ్వే కొట్టేశావు, గుర్తుందా?"

"గుర్తుందక్కా."

"ఆ నాలుగు వేలు నా పెట్రోలుకి అనుకున్నావు కదూ. కాదు. ఆ రోజు నేనొచ్చి కొలిచి ఉంటే ఇవాళ ఈ తప్పు నాదయ్యేది. నోరు మూసుకుని ఊరికే మళ్ళీ గీసిచ్చేదాన్ని. గీతలు ఎవరైనా గీస్తారమ్మా. నువ్వు డబ్బిచ్చేది గీతలకి కాదు, వాటికి పూచీ పడే మనిషికి. ఇప్పుడు మొత్తం మార్చాలి. ఇనుము లెక్క కూడా మారుతుంది. తొమ్మిది వేలు అవుతుంది. ఇల్లు పట్టదని మాత్రం భయపడకు. నిజంగా ఎంతుందో నాకు తెలిస్తే చాలు, ఏదో ఒకలా పట్టిస్తాను. అసలు కొలత ఎంత?"

"టేపుకి ముప్పై ఆరు, మావయ్యగారి బారకి నలభై రెండు. ఏది అసలో కనుక్కుని చెప్తానక్కా," అంది ఆశ చిన్న గొంతుతో. అప్పటికే పెరట్లోంచి కేకలు వినపడుతున్నాయి.

ఆమె వెళ్ళేసరికి మహాలక్ష్మమ్మ కొంగు నడుముకు దోపి గోడ ముందు నిలబడి ఉంది.

"ఒలే పాపాయమ్మా, మా ఆయన ఏడు బారలని కొలిసినాడు. ఆయన బార ఎప్పుడైనా తప్పినాదేటి? ఈ గోడ ఎప్పుడు జరిపినావే?"

"గోడకి కాళ్ళున్నాయేటి జరగడానికి? పన్నెండేళ్ళై ఇక్కడే ఏడిసినాది! దీనికి తాడు ఏసినోడు నీ మొగుడే కదే వొదినా! ఆరు బారలు మీకు వొదిలి కట్టుకోమన్నాడు, కట్టుకున్నాను. ఆనాడు ఆరు, ఈనాడు ఏడెలగయినాదో ఇంట్లోనే ఉన్నాడు కదా, అడుగు!"

"ఆరని ఎవులన్నారు? సాచ్చికమేదీ?"

"సచ్చిపోయిన నా మొగుడు సాచ్చికం! పిలవమంతావేటి?"

ఉమామహేష్ మధ్యలోకి వచ్చాడు. ఎప్పుడూ మెత్తగా మాట్లాడేవాడు, ఇప్పుడు మెడ మీద నరం పొంగి ఉంది. ఆ తలుపు లేకపోతే రేపో మాపో ఊరు విడవాల్సింది అతనే. "పిన్నీ, మాటలొద్దు. మా అయ్య కొలిసినప్పుడు వీడియో తీసినాం. రేపు పెద్దల్ని కూకోబెడదాం. వాళ్ళే సూసి సెప్తారు. తప్పు నీదయితే గోడ తీసీయాల."

పాపాయమ్మ చాలా మామూలు గొంతుతో, "నా సేతుల మీద పెరిగినోడివిరా నివ్వు," అని తల దించేసింది. గోడ అవతల కోళ్ళను అదిలిస్తున్న చప్పుడు వినిపించింది.

"వీడియో తీసుంచు," అని ఉమామహేష్ ఆశతో చెప్పి, ముగ్గు గీతలు తొక్కుకుంటూ లోపలికి పోయాడు.

ఇంత జరుగుతున్నా వీధి అరుగు మీంచి ఎల్లారావు లేచి రాలేదు. అది ఆశకు వింతగా తోచింది. చిన్న మాటకైనా ముందు నిలబడే మనిషి ఆయన.

నడిమి గదిలో గోడకు చేరగిలబడి ఆమె ఫోన్లో ఆ వీడియో వెతికి పట్టుకుంది. నిమిషం కూడా లేదు. తన గొంతే, కిలకిలమంటూ, "ఒకటీ... రెండూ..." అంటోంది. ఎల్లారావు గోడకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి భుజానికి సమంగా, నిటారుగా, కర్ర పెట్టినట్టు చాచి ఉంది. కుడి చెయ్యి పైకి లేవలేదు. మోచెయ్యి పక్కటెముకలకు అతుక్కునే ఉంది. ముంజెయ్యి మాత్రమే పక్కకు తెరుచుకుంది. తాడు ఆ వేళ్ళ దాకా వచ్చి ఆగిపోతోంది. ప్రతి బారకూ ఆయన దవడ బిగుసుకుంటోంది.

ఆశ మళ్ళీ చూసింది. అప్పుడు ఎదురుగా నిలబడి తీసింది తనే. లెక్కపెట్టడంలో పడి మనిషిని చూడలేదు.

తర్వాత ఒకటొకటే ఆమెకు తోచాయి. పెళ్ళైన వారానికి అందరూ సింహాచలం వెళ్ళారు. దర్శనం దగ్గర జనమంతా రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తి దండం పెడుతుంటే, ఎల్లారావు ఒక్కడే గుండె దగ్గర చేతులు జోడించాడు. ఎంత వినయమో అనుకుంది. దండెం మీది తువ్వాలును పైకి అందుకోకుండా కింది కొస పట్టి లాగుతాడు. అదొక తీరు అనుకుంది. చొక్కా వేసుకోగా ఆమె ఎప్పుడూ చూడలేదు. కండువా ఒక్కటే. మిగతావాళ్ళు అలవాటుపడి చూడ్డం మానేశారు. తనకేమో అంతకు ముందటి ఎల్లారావు తెలీడు. చేతులు బాగున్నప్పటి మామగారిని ఆమె ఎన్నడూ చూడలేదు.

ఈ వీడియో రేపు పెద్దల ముందు పెడితే, బార కురచ కావడం వల్లే ఆరు ఏడైందని తేలి, పాపాయమ్మ గోడ నిలుస్తుంది. కాని జాలరిపేటలో సగం మంది మధ్య ఆయన చెయ్యి అలా వేలాడుతూ కనపడుతుంది. వీడియో పోయిందని అబద్ధం చెబితే, ఉత్తపుణ్యానికి గోడ పోతుంది, తనకు ఇల్లు వస్తుంది. ఆ రెండో సంగతి ఒక్క క్షణం ఆమె మనసులో మెదిలింది. మెదిలినందుకు చెవులు వేడెక్కాయి.

ఫోను పట్టుకుని వీధి అరుగు మీదికి వెళ్ళింది. ఎండ వాలింది. ఎల్లారావు ఒళ్ళో వల పెట్టుకుని కూర్చున్నాడు గాని సూది కదలడం లేదు.

"మావయ్యగారూ, ఆయన ఈ వీడియో అడుగుతున్నారు. ఇమ్మంటారా?"

ఆయన ఫోను అందుకోలేదు. ఆమె పట్టుకుంటే చూశాడు. ఆమె కిలకిల నవ్వు, ఏడు అంకెలు. అయిపోయాక వల వైపు చూపు తిప్పుకున్నాడు.

"నివ్వు సూసినావా?"

"ఇప్పుడే చూశానండి."

"ఎవులికైనా పంపినావా?"

"కీర్తన అక్కకి పంపాను, ఆ రోజే. ఆవిడకేం తెలుస్తుందండీ. నాకే తెలీలేదు."

"నాకు తెలుసమ్మా," అన్నాడు ఎల్లారావు. "పోనేడు కార్తీకంలో వల రాయికి తగులుకున్నాది. నాగి గుంజినప్పుడు భుజంలో ఏదో తెగినట్టయినాది. తగ్గిపోద్దిలే అనుకున్నాను. వల నాగనేనోడు ఒడ్డున కూకోవాల. మూడు నెల్లై నా వొంతు కూడా మన పడవలో నాతో వొచ్చే వాసే నాగుతన్నాడు. ఎవులికీ సెప్పొద్దని వొట్టేయించుకున్నాను. ఆ రోజు నివ్వు టేపంటే... టేపు తెత్తే నా సేతులికి ఇంకేటి పనుంటాది? ఓ అంగుళమో రెండో తగ్గుతాదిలే అనుకున్నాను. ఇంతని అనుకోనేదు."

"బారకి పది అంగుళాలు తగ్గిందండి," అంది ఆశ మెల్లగా. ఎందుకు చెప్పానా అని వెంటనే అనుకుంది.

ఆయన పెదవులు కదిలాయి. ఏదో లెక్క కడుతున్నాడు. మామూలు లెక్క కాదని ఆమెకు ఆయన ముఖం చూస్తే అర్థమైంది. "ఆ అమ్మి, ఇంజనీరు, ఏటన్నాది?"

ఆశ కీర్తన అన్నది అన్నట్టే చెప్పింది. డబ్బు గీతలకు కాదని, పూచీ పడే మనిషికని, తను కొలిచి ఉంటే తప్పు తన నెత్తిన వేసుకునేదాన్నని.

"మాట సరైందే," అన్నాడు ఎల్లారావు. "నాను ముప్పయ్యేళ్ళై ఊరికినే కొలిసిత్తన్నాను. డబ్బు తీసుకోనేదు కాబట్టి పూచీ నేదనుకోవడమేనా?" అని ఆగాడు. "ఈ ఏడు మన పేటలో చందూ ఆడి పడవకి కొత్త లంగరు తాడు కొన్నాడమ్మా. పాతిక బారలు కొలిసి కొయ్యమంటే నానే కొలిసి కోసినాను. ఆడి తర్వాత ఇంకో ముగ్గురు. పాతికని ఆళ్ళనుకుంతారు. ఇరవయ్యిరెండు కూడా ఉండదు. గాలి లేసినప్పుడు తాడు సాలకపోతే లంగరు అడుగు పట్టదు. పడవ కొట్టుకుపోద్ది."

తన వంటగది సంగతి ఎంత చిన్నదో ఆ క్షణంలో ఆశకు తెలిసింది. ఎదురుగా సముద్రం ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది. ఒడ్డున వరసగా పడవలు. అందులో చందూది ఏదో కూడా ఆమెకు తెలీదు.

ఎల్లారావు ఎడమ చేతి మీద బరువు వేసి లేచాడు. నడిమి గది గుమ్మం దగ్గర అలవాటు చొప్పున దగ్గి, లోపలికి నడిచి, పెరట్లోకి వెళ్ళాడు. ఆశ వెనకే వెళ్ళింది. మహాలక్ష్మమ్మ, ఉమామహేష్ మళ్ళీ అక్కడే చేరి ఉన్నారు, పెద్దల్లో ఎవరెవరిని పిలవాలా అని లెక్క వేసుకుంటూ.

"పాపాయమ్మా!" అని పిలిచాడు గోడకేసి.

గోడ అవతల కోడి ఒకటి అరిచింది.

"ఓ పాపాయమ్మా, ఉన్నావని తెలుసు, కోడి అరుత్తన్నాది."

తల మాత్రం పైకి వచ్చింది. "ఏటి? గోడ ఇప్పుడే తీసీమంతావా, పొద్దున్న దాకా ఆగుతావా?"

"గోడ ఎక్కడున్నాదో అక్కడే ఉన్నాది. ఆనాడు ఆరు బారలే. నా సెయ్యే జరిగినాది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన భుజం మీంచి కండువా తీసి పక్కన పెట్టాడు. రెండు చేతులూ చాచాడు. ఎడమది లేచింది. కుడిది లేవలేదు. పళ్ళు బిగబట్టి ఇంకొంచెం ప్రయత్నించాడు. అంతే. ముగ్గు పడకగదిలో, ఒక రెక్క విరిగిన కొంగలా, అందరూ చూసేదాకా అలాగే నిలబడ్డాడు.

"ఓలమ్మో," అంది మహాలక్ష్మమ్మ. ముప్పై ఏళ్ళ కాపురం చేసిన మనిషి. రోజూ పక్కన కూర్చుని అన్నం పెట్టే మనిషి. దగ్గరికి వచ్చి ఆ భుజాన్ని రెండు వేళ్ళతో తాకింది, కాలుతుందేమో అన్నట్టు. "సొక్కా ఉక్కపోత్తందని నివ్వంటే నిజమే అనుకున్నాను. నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే ఏటి సేత్తావు? ఏడుత్తావు. ఇప్పుడేడుత్తన్నావు."

"ఏడవడం నేదు," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ.

ఉమామహేష్ తల వంచుకుని ఉన్నాడు. రోజంతా ఇనుప ముక్కల్లో వెంట్రుక తేడా పట్టేవాడు. ఆశ వెళ్ళి అతని పక్కన నిలబడింది. అతను గోడ వైపు తిరిగి, "పిన్నీ, నాను తప్పు మాటాడినాను," అన్నాడు.

"తప్పే," అంది పాపాయమ్మ. "మూడు రోజులు నా కోళ్ళకి గింజలు నివ్వే ఎయ్యాల." ఆ మీదట గొంతు తగ్గించి, "ఎల్లారావన్నా, ఆ సేతికి ముందు పెద్దాసుపత్రికెల్లు," అంది.

"రేపే తీసుకెల్తాను," అంది మహాలక్ష్మమ్మ.

"సెయ్యెక్కడికీ పారిపోదు. ఎల్లుండి దానికి," అన్నాడు ఎల్లారావు. కండువా మళ్ళీ భుజాన వేసుకున్నాడు. అది వేసుకోవడానికి ఈసారి దాచకుండా ఎడమ చేతినే వాడాడు. "ఆశమ్మా, ఆ ఇంజనీరమ్మకి ఫోను సెయ్యి. కొలత డబ్బు నాలుగేలూ ఇచ్చీద్దాం, మళ్ళీ గీసినందుకు ఎంతంతే అంత ఇద్దాం, రేపు తొమ్మిదింటికల్లా రమ్మను."

ఆశ అక్కడే ఫోను తీసింది. ఈసారి కీర్తన ఒక్క మాటలో ఒప్పుకుంది. తొమ్మిదింటికి వస్తానంది, పొడుగాటి టేపు తనే తెస్తానంది.

"వస్తున్నారు మావయ్యగారూ. మీరు వేటకి వెళ్ళరా మరి?"

"రేపు నాను ఎల్లను. ఎవులూ ఎల్లరు," అన్నాడు ఎల్లారావు. కొడుకు వైపు తిరిగాడు. "ఒరే, ఇప్పుడే చందూ ఇంటికెల్లు. ఈ ఏడు నా సేత్తో కొలిసి కోసిన లంగరు తాళ్ళు నాలుగున్నాయి. ఎవులెవులివో ఆడికి తెలుసు. రేపు ఆ పడవలు నీళ్ళల్లోకి దిగకూడదని సెప్పు. ఎందుకంతే నా సెయ్యి బాగోనేదని సెప్పు, దాసొద్దు. పొద్దున్న ఆ అమ్మి పెరడు కొలిసినప్పుడు టేపు రెండో కొస నాను అట్టుకుంటాను. ఆ పని అయిపోనాక ఆ టేపు ఓ గంట నాకియ్యమని అడుగుతాను. తాళ్ళన్నీ ఒడ్డుకి తెమ్మను. నాలుగూ మళ్ళీ కొలుద్దాం."